రాప్యూర్ తిన్నవాళ్లు, తిననివాళ్లు

మా ఆవిడ ఓడిల్ నలభై మూడో ఏట మళ్లీ పుస్తకాలు పట్టింది. పద్దెనిమిదేళ్లు చేపల ఫ్యాక్టరీ లాబ్‌లో పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మూడు నెలలు ఇంట్లో గోడలన్నిటికీ రంగులేసింది. నాలుగో నెలలో, వేయడానికి గోడలు మిగలనప్పుడు, హాలిఫాక్స్ నగరంలో యూనివర్సిటీ పీజీకి దరఖాస్తు పెట్టానని చెప్పింది. జబ్బులు జనంలో ఎలా పాకుతాయి, ఎవరికి వస్తాయి, ఎవరికి రావు, ఎందుకు రావు అని లెక్కగట్టి కనిపెట్టే చదువట. పేరు ఎపిడెమియాలజీ. మా రేవులో ఆ మాట ఒక్కడికీ సరిగ్గా పలకడం రాలేదు.

"ఏం రొజేర్, మీ ఆవిడ డాక్టరవుతుందా?" అని అడిగేవాళ్లు.

"కాదు, డాక్టర్లకి లెక్కలు చెబుతుంది" అనేవాణ్ణి. నాకు తెలిసింది అంతే.

ప్రతి మంగళవారం కారులో మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్లేది, బుధవారం సాయంత్రానికి తిరిగొచ్చేది. మిగతా రోజులు చదువంతా వంటింటి బల్ల మీదే. నేను సముద్రంలో బోనులు వేసి లాబ్‌స్టర్లని, ఆ పెద్ద రొయ్యల్లాంటివాటిని, పడతాను. మా సీజను నవంబరు చివర్లో మొదలవుతుంది కాబట్టి అక్టోబరంతా షెడ్డులో బోనులు బాగుచేసుకుంటూ, మోకులు సరిచూసుకుంటూ ఉంటాను. మధ్యలో టీకని లోపలికొస్తే ఓడిల్ పుస్తకం మీద నుదురు ఆనించుకుని కనిపించేది.

"ఏమైంది?"

"కన్‌ఫౌండింగ్" అనేది, మనకి పడని చుట్టం పేరు చెప్పినట్టు.

"ఇవాళ కూడా ఆయనేనా?"

"నవ్వకు. ఒకటి చూస్తే అదే కారణం అనిపిస్తుంది. కానీ కాదు. దాని పక్కనే ఇంకోటి నిలబడి ఉంటుంది, అసలు పని చేసింది అది. చదువుతుంటే అర్థమవుతుంది రొజేర్. లెక్క ఇచ్చి చెయ్యమంటే చేతులు ఆడవు."

అక్టోబరు మొదటి వారంలో పరీక్ష రాసొచ్చింది. ఎలా రాశావని అడిగితే జవాబు చెప్పకుండా కుక్కకి తిండి పెట్టడానికి వెళ్లింది. నేను మళ్లీ అడగలేదు.

థాంక్స్‌గివింగ్ పండగ మాకు అక్టోబరు రెండో సోమవారం. దాని ముందు శనివారం మా చర్చి హాల్లో ఊరి విందు. ఏటా ఆ విందుకి ప్రాణం లియోనీ అత్త చేసే రాప్యూర్. ఆవిడ ఓడిల్‌కి సొంత మేనత్త, ఊరందరికీ కూడా అత్తే. డెబ్బై రెండేళ్లు. బంగాళాదుంపలు బస్తాలకొద్దీ కోరి, గుడ్డలో వేసి నీళ్లన్నీ పిండేసి, ఎన్ని నీళ్లు పిండిందో అంతకంత మరిగే కోడి పులుసు పోసి కలిపి, మధ్యలో కోడిమాంసం పరిచి, పైన కరకరలాడే పెచ్చు కట్టేదాకా మూడు గంటలు ఓవెన్లో ఉంచుతుంది. నలభై ఏళ్లుగా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. ట్రే మూలల్లో మాడిన ముక్క కోసం పెద్దమనుషులు కూడా మొహమాటం వదిలేస్తారు.

ఆ శనివారం ఓడిల్ రాలేదు. ఏదో రాసి పంపాలని ఇంట్లోనే ఉండిపోయింది. నేను వెళ్లి మొదటి బంతిలోనే కూర్చున్నాను, రెండుసార్లు పెట్టించుకున్నాను. రెండో బంతి వచ్చేసరికి రాప్యూర్ అయిపోయింది. వాళ్లకి హామ్, అదే ఉప్పు పట్టించిన పందిమాంసం, కోసి పెట్టారు. వాళ్లు గొణిగారు. ఏటా ఎవరో ఒకరు గొణుగుతూనే ఉంటారు.

ఆదివారం సాయంత్రానికి నా కడుపులో తిప్పడం మొదలైంది. సోమవారం సెలవు రోజు. ఊళ్లో సగం ఇళ్లలో బాత్రూం తలుపు ముందు వరస. జ్వరం, వాంతులు, నీళ్ల విరేచనాలు. నాకు ఒకటిన్నర రోజులో తగ్గింది. అందరికీ అలా తగ్గలేదు. రేవులో లైటు చూసుకునే ముసలాయన అల్సిద్‌ని మంగళవారం పొద్దున అంబులెన్సులో తీసుకుపోయారు. ఆయనకి డెబ్బై తొమ్మిది. క్రిమి రక్తంలోకి ఎక్కిందనీ, చెప్పలేమనీ ఆస్పత్రివాళ్లు అన్నారట.

ఇక ఊరి నోటికి ఏం తాళం వేస్తాం? "కోడి సరిగ్గా ఉడకలేదట" అని దుకాణంలో ఒకరంటే, "పాపం, వయసైపోయింది కదా, కళ్లు కనిపించడం లేదేమో" అని పెట్రోలు బంకులో ఇంకొకరు. నా పక్క పడవవాడు ఆల్ఫే అయితే, "అత్త ఈసారి కోడిని బతికుండగానే పెట్టినట్టుంది, లోపల తన్నుతోంది" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వడమే కాదు, "నా కడుపులో రెండు కోళ్లు" అని ఓ మాట కలిపాను. అది తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా నా మొహం నాకే చూసుకోవాలనిపించలేదు.

ఆ మాటలు అత్త చెవిన పడకుండా ఉంటాయా? బుధవారం నాటికి ఆవిడ ఇంటి కర్టెన్లు మూసి ఉన్నాయి. ఫోన్ ఎత్తడం లేదు. విందు కోసం ఆవిడ దగ్గర అరువు తీసుకున్న ట్రేలు ఎవరో తలుపు కొట్టకుండానే మెట్ల మీద పెట్టి పోయారు.

అదే సాయంత్రం హాలిఫాక్స్ నుంచి వచ్చిన ఓడిల్ కోటు విప్పకుండానే బల్ల మీద ఓ కాగితం పెట్టింది. వందకి నలభై ఒకటి.

"ఆ కన్‌ఫౌండింగ్ ప్రశ్న మొత్తం సున్నా" అంది. "మానేస్తాను రొజేర్. నా పక్కన కూర్చునే పిల్లలకి ఇరవై నాలుగేళ్లు. వాళ్లు పెన్ను తీసేలోపు జవాబు వస్తుంది వాళ్లకి. నాకెందుకిది?"

"గోడలు మళ్లీ రంగులకి వచ్చాయిలే" అన్నాను. నవ్విస్తే కాస్త తేలికపడుతుందనుకున్నాను. నవ్వలేదు. నేను తిన్నగా కూర్చుని అత్త సంగతి, అల్సిద్ సంగతి చెప్పాను. వింటూ వింటూ కోటుతోనే కుర్చీలో కూలబడింది.

గురువారం పొద్దున్నే మా జిల్లా హెల్త్ నర్సు మురియెల్ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ పరిగెత్తుకొచ్చినట్టుంటుంది.

"ఓడిల్, నాకు మనుషుల్లేరు. మా ఆఫీసులో ఇద్దరం, అందులో ఒకామె మంచం మీద ఉంది, అదే విందులో తిని. నువ్వు ఇదే కదా చదువుతున్నది? ఫోన్లు చేసిపెట్టు. మీ ప్రొఫెసరుతో నేను మాట్లాడాను, చదువులో భాగంగా లెక్కేస్తానంది."

"నేను పరీక్ష తప్పాను మురియెల్."

"ఫోన్ నంబర్లు నొక్కడం వచ్చా?"

"వచ్చు. కానీ ఆ వంట చేసిన లియోనీ అత్త నా సొంత మేనత్త."

"ఈ తీరంలో ఎవరికి ఎవరు చుట్టం కారు? మీ అత్తతో నేను మాట్లాడతాను, మీ ఆయనతోనూ నేనే. మిగతావాళ్లు నీకు." అని ఫైలు బల్ల మీద పెట్టింది. "ఇప్పటికి ముప్పై మంది జబ్బుపడ్డవాళ్లని అడిగాను. ఇరవై ఏడు మంది రాప్యూర్ తిన్నామన్నారు. మా పెద్దాఫీసువాళ్లు సోమవారం రాప్యూరే కారణమని ప్రకటన ఇస్తామంటున్నారు."

మురియెల్ వెళ్లాక ఓడిల్ ఆ ఇరవై ఏడుని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ప్రొఫెసర్ బీటన్‌కి ఫోన్ చేసింది. నేను టీ కలుపుతున్నాను. ఆవిడ గొంతు పెద్దది, నాకూ వినిపించింది.

"ముప్పైలో ఇరవై ఏడా? సరే. మరి జబ్బు పడనివాళ్లలో ఎంతమంది తిన్నారు?"

ఓడిల్ ఆ ప్రశ్నని ఫైలు అంచున పెన్సిలుతో రాసుకుంది.

"వాళ్లందరూ ఫోర్కులూ వాడి ఉంటారమ్మా. ఫోర్కుల వల్ల జబ్బు వచ్చిందంటామా? బాగున్నవాళ్లని అడుగు. బాగున్నవాళ్లు లేకుండా నీ దగ్గర సగం బొమ్మే ఉంది."

ఫోన్ పెట్టేసి ఓడిల్ రాత్రి కుర్చీ మీద పడేసిన కోటు తీసి మేకుకి తగిలించింది. జుట్టు ముడి వేసుకుంది. ఫ్యాక్టరీ రోజుల్లో పనిలోకి దిగేముందు అలాగే వేసుకునేది.

"కూర్చో" అంది నాతో. "నీ జబ్బు సంగతి మురియెల్ అడుగుతుంది. నాకు వంటల జాబితా కావాలి. బల్లల మీద ఏమేం ఉన్నాయో ఒక్కటీ వదలకుండా చెప్పు."

చెప్పాను. రాప్యూర్, హామ్, క్యాబేజీ సలాడ్, రొట్టె, వెన్న, బెల్లంపాకం, పచ్చి టమాటా పచ్చడి, మూడు రకాల తీపి పైలు, టీ, కాఫీ. "ఇంకా?" అంది. "ఆపిల్ రసం" అన్నాను. "నేనే తెచ్చా. శుక్రవారం ఆపిల్ తోటలుండే లోయ నుంచి వస్తూ ఓ తోట దగ్గర ఆగితే వాసన చంపేసింది. అక్కడికక్కడే పిండి ఇస్తున్నాడు. ఎనిమిది క్యాన్లు తెచ్చా." మురియెల్ కాగితంలో అది లేదు. చర్చి ఆడవాళ్లు రాసిచ్చిన వంటల జాబితాలో ఉండదు కదా, నన్నెవరూ తెమ్మనలేదు. ఓడిల్ దాన్ని చివరి గడిలో రాసుకుంది. రాసుకునేటప్పుడు ఆమె చెయ్యీ ఆగలేదు, నా గుండే ఆగలేదు.

ఆ మూడు రోజులు మా వంటిల్లు టెలిఫోన్ ఆఫీసైపోయింది.

"నాకేం కాలేదమ్మా, నాకెందుకు ఫోన్?" అని అవతల ఒకాయన.

"మీకేం కాలేదు కాబట్టే చేస్తున్నానండీ."

"అంటే ఏం కాకపోవడం కూడా తప్పేనా?"

ఇంకొకావిడ తను ఏం తిన్నదో చెప్పకుండా మరదలు ఏం తిన్నదో, ఎంత తిన్నదో చెప్పింది. ఇంకొకాయన, "లియోనీదే తప్పని రాసెయ్యి, మాకు పని ఉంది" అన్నాడు. ఓడిల్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం మారలేదు. "సరేనండీ. క్యాబేజీ సలాడ్ తిన్నారా?" అని తర్వాతి ప్రశ్నకి పోయింది. ఆ ఒక్క క్షణం చూసి అనుకున్నాను, ఈమెకి ఈ పని వచ్చు అని.

విందుకి వచ్చినవాళ్లలో నూట ఇరవై నాలుగు మంది దొరికారు. ఆదివారం మధ్యాహ్నం పాత సముద్రపు మ్యాపు ఒకటి తిరగేసి బల్ల మీద పరిచింది. దాని వెనక తెల్లటి కాగితం, లెక్కలకి బోలెడు చోటు. పేర్లు నాకు చూపించలేదు, అవి ఎవరికీ చూపించకూడదట. అంకెలు మాత్రం చదివి వినిపించింది.

"లియోనీ అత్త రాప్యూర్ తిన్నవాళ్లు ఎనభై నాలుగు. అందులో జబ్బుపడ్డవాళ్లు నలభై ఐదు. తిననివాళ్లు నలభై. అందులో జబ్బుపడ్డవాళ్లు ఆరు."

"అంటే?"

"అంటే తిన్నవాళ్లలో సగానికి పైగా. తిననివాళ్లలో వందకి పదిహేను." పెన్సిలు కింద పెట్టేసింది. "మూడు రెట్ల కంటే ఎక్కువ రొజేర్. బాగున్నవాళ్లని అడిగితే అత్త బయటపడుతుందనుకున్నాను. ఉచ్చు నా చేత్తో నేనే బిగించాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి నిలబడి, సింకు దగ్గరికి వెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకుని వచ్చింది. మిగతా వంటలన్నిటికీ అలాగే ఒక్కో గడి గీసింది. హామ్, తిన్నా తినకపోయినా తేడా ఏమీ లేదు. సలాడ్, ఏమీ లేదు. పచ్చడి, పైలు, వాటిలోనూ ఏమీ లేదు. చివర ఆపిల్ రసం. తాగినవాళ్లు అరవై ఎనిమిది, జబ్బుపడ్డవాళ్లు నలభై ఎనిమిది. తాగనివాళ్లు యాభై ఆరు, జబ్బుపడ్డవాళ్లు ముగ్గురు.

ఆ అంకెలు రాసి, అలాగే వంగి ఉండిపోయింది.

"మొదటి బంతిలోనే రాప్యూర్ అయిపోయిందన్నావు. రసం ఎప్పుడు అయిపోయింది?"

"అదీ మొదటి బంతిలోనే."

"రెండూ ఒకే బల్ల మీద, ఒకే మనుషుల ముందు" అంది మెల్లగా. నాతో కాదు, తనలో తనే. "పక్కపక్కన నిలబడ్డారు. విడదియ్యాలి. ఇది ఆ ప్రశ్నే. దేవుడా, ఇది అచ్చంగా ఆ ప్రశ్నే."

పెన్సిలు పట్టుకుంది. రసం తాగినవాళ్లని ఓ పక్కకి, తాగనివాళ్లని ఇంకో పక్కకి వేరుచేసింది. ఆ తర్వాత రెండు పక్కలా రాప్యూర్ తిన్నవాళ్లెవరు, తిననివాళ్లెవరు అని మళ్లీ లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. మూడోసారి నన్ను గట్టిగా చదవమంది.

రసం తాగి రాప్యూర్ తిన్నవాళ్లు అరవై మంది, అందులో నలభై ముగ్గురు జబ్బుపడ్డారు. రసం తాగి రాప్యూర్ తిననివాళ్లు ఎనిమిది మందే, అందులో ఐదుగురు పడ్డారు. రాప్యూర్ తిని, రసం ముట్టకుండా టీ తాగినవాళ్లు ఇరవై నలుగురు. వాళ్లలో పడ్డది ఇద్దరు. రెండూ ముట్టనివాళ్లు ముప్పై రెండు మంది, పడ్డది ఒక్కరు.

"చూడు" అంది. కళ్లు మెరుస్తున్నాయి. "రసం తాగినవాళ్లు రాప్యూర్ తిన్నా పడ్డారు, తినకపోయినా పడ్డారు. తాగనివాళ్లు తిన్నా బాగానే ఉన్నారు. ఇరవై నాలుగు మంది రొజేర్! అత్త రాప్యూర్ తిని, ఇరవై ఇద్దరు హాయిగా తిరుగుతున్నారు. అత్త చేసింది ఏమీ లేదు. రాప్యూర్ తప్పల్లా ఆ రసం పక్కన ఉండటమే!"

నాక్కూడా ఎగిరి గంతెయ్యాలనిపించింది. సగం లేచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రసం తెచ్చింది నేనే. ఓడిల్ కూడా అదే క్షణంలో నా వైపు తిరిగింది. ఆమె మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"రొజేర్. ఆ రసం కాచిందేనా?"

"కాస్తే రుచి పోతుందన్నాడు తోటాయన. చెట్టు కింద రాలిన పళ్లే తియ్యగా ఉంటాయని కూడా చెప్పాడు. అక్కడ ఆవులు మేస్తున్నాయి."

"నువ్వు తెచ్చి ఎక్కడ పెట్టావు?"

"ట్రక్కులోనే ఉంచేశా. శనివారం దాకా."

ఓడిల్ పెన్సిలు బల్ల మీద పెట్టింది. "కొంచెం మిగిలిందా?" అని అడిగింది.

మిగిలింది. విందుకి ఇవ్వకుండా ఇంటికని ఉంచుకున్నది, షెడ్డు ఫ్రిజ్‌లో సగం క్యాన్. తెస్తానని వెళ్లాను. షెడ్డులో సింకు ఉంది. క్యాన్ మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వంచేస్తే నిమిషం పని. అంకెలు ఉన్నాయి కదా, అత్త ఎలాగూ బయటపడుతుంది, ఈ రసం ఎక్కడిదో తేలకపోతే ఏం పోయింది అనిపించింది. అబద్ధం చెప్పను, నిజంగానే అనిపించింది. మూత సగం తిప్పాను కూడా. అప్పుడు మెట్ల మీద చప్పుడు లేకుండా పెట్టి పోయిన ఆ ట్రేలు గుర్తొచ్చాయి. నా కోళ్ల జోకూ గుర్తొచ్చింది. ఆ తోటాయన ఇంకా ఎంతమందికి పిండి అమ్ముతున్నాడో కదా అని కూడా అనుకున్నాను, కానీ అది తర్వాత. మూత బిగించి లోపలికి తెచ్చాను.

ఓడిల్ దాన్ని ముట్టుకోలేదు. "అక్కడ పెట్టు. నేను నీ పెళ్లాన్ని, నా చెయ్యి పడకూడదు" అని మురియెల్‌కి ఫోన్ చేసింది. మురియెల్ ఐస్ పెట్టెతో వచ్చి, చేతికి తొడుగులేసుకుని క్యాన్ తీసుకుంది. తలుపు దగ్గర ఆగి నా భుజం మీద తట్టింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

సోమవారం ఓడిల్ అంకెలు చూసి పెద్దాఫీసువాళ్లు ప్రకటన ఆపేశారు. లాబ్ జవాబు రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ నేను ఒక్క బోనూ సరిగ్గా కట్టలేదు. రోజూ ఆస్పత్రికి ఫోన్ చేసి అల్సిద్ ఎలా ఉన్నాడని అడిగేవాణ్ణి. మీరేమవుతారని అడిగితే ఏం చెప్పాలో తెలియక స్నేహితుణ్ణి అనేవాణ్ణి. బుధవారం జ్వరం దిగిందన్నారు. గురువారం కాఫీ అడిగాడన్నారు, అది పాలు లేకుండా కావాలని నర్సుతో గొడవపెట్టుకున్నాడన్నారు. ఫోన్ పెట్టేసి షెడ్డులో మోకుల కుప్ప మీద కూర్చుండిపోయాను. ఎంతసేపటికో గానీ లేవలేకపోయాను, అంత తేలికైపోయింది ఒళ్లు.

శుక్రవారం మురియెల్ ఫోన్ చేసింది. క్యాన్లో సాల్మొనెల్లా. జబ్బుపడ్డవాళ్లలో దొరికినదీ అదే రకం. తోటాయన అమ్మకం ఆపేశాడు, కాచి అమ్మే యంత్రం పెట్టుకునేదాకా తెరవనని సంతకం పెట్టాడు. రిపోర్టులో అత్త వంట గురించి ఒక్క ముక్క లేదు.

అప్పటికప్పుడు ఇద్దరం అత్త ఇంటికి వెళ్లాం. కర్టెన్లు ఇంకా మూసే ఉన్నాయి. ఓడిల్ తలుపు కొట్టి, "అత్తా, నేను! తీయకపోతే వెనక కిటికీలోంచి దూకుతా!" అని అరిచింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ సగం అయిపోయింది. బుగ్గలు పీక్కుపోయాయి.

"అల్సిద్ పోయాడా?" ఆవిడ అడిగిన మొదటి మాట అదే.

"కాఫీ కోసం కొట్లాడుతున్నాడు అత్తా" అన్నాను. "రాప్యూర్ కాదు. రసం. నేను తెచ్చిన ఆపిల్ రసం. నేనే."

ఆవిడ నన్ను చూసింది, ఓడిల్‌ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. పొయ్యి మీది గుడ్డ తీసుకుని నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇంకోటిచ్చింది.

"రెండు వారాల్నుంచి దేవుడితో కొట్లాడుతున్నానురా! ఏ కోడి ఉడకలేదో, ఏ ట్రే ముందు తీశానో రోజుకి వందసార్లు లెక్కపెట్టుకున్నాను! నువ్వట్రా!" మూడోది కొట్టబోయి, ఆగి, ఆ గుడ్డలోనే మొహం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది. నవ్వుతూ ఏడుస్తోంది. "మరి నువ్వు కూడా తాగావా ఆ దరిద్రం?"

"మూడు గ్లాసులు."

"మంచిపని అయింది" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక హాల్లో కాఫీ దగ్గర ఫాదర్‌ని రెండు నిమిషాలు అడిగి నిలబడ్డాను. పడవలో తుపాను ఎదురైనప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అత్త మీద వేసిన జోకులో నా వంతు కూడా చెప్పాను. ఆల్ఫే గొంతు సవరించుకున్నాడు. "వచ్చే ఏడు నువ్వు పేపర్ నాప్కిన్లు తే రొజేర్. వాటితో జబ్బులు రావు" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వులో ఎక్కడో ఒకటి రెండు మొహాలు నవ్వలేదు, వాళ్ల పిల్లలు నాలుగు రోజులు మంచం మీద ఉన్నారు. వాళ్ల ఇళ్లకి ఆ వారంలో విడిగా వెళ్లాను. ఒకరు లోపలికి రమ్మన్నారు, ఒకరు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. రెండూ నాకు తగినవే.

అల్సిద్ ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్తే, క్షమించమనే మాట నా నోట్లో ఉండగానే, "రెండో గ్లాసు నేనే అడిగి పోయించుకున్నానురా, బాగుంది మరి" అన్నాడు.

అత్తకి ఊరు ఎలా క్షమాపణ చెప్పుకుందో పెద్దగా మాటల్లో లేదు. ఒకరు కోళ్లు తెచ్చారు, ఒకరు కట్టెలు కొట్టి పేర్చి పోయారు. ట్రేలు మెట్ల మీద పెట్టిపోయినామె ఎవరో అత్తకి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఆమె ఓ సాయంత్రం వచ్చి చాలాసేపు కూర్చుని వెళ్లింది.

ఓడిల్ మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. ప్రొఫెసర్ బీటన్ ఆ మ్యాపు వెనక లెక్కని పేర్లు లేకుండా క్లాసుకి తెచ్చి చూపించమంది. ఇరవై నాలుగేళ్ల పిల్లలు చుట్టూ మూగి ప్రశ్నలడిగారట. డిసెంబరు పరీక్ష రాసొచ్చిన రోజు ఎలా రాశావని అడక్కుండానే చెప్పింది. మార్కులు ఎనభై మూడు. నేను అప్పుడు సముద్రం మీద ఉన్నాను, రేడియోలో చెప్పింది, ఆల్ఫే పడవలోనూ వినిపించింది. వాడు హారను కొట్టాడు.

కానీ నాకు అన్నిటికంటే గుర్తుండేది వేరే. హాల్లో నేను మాట్లాడిన ఆదివారం మధ్యాహ్నం అత్త మా ఇంటికి భోజనానికొచ్చింది. తిన్నాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, "ఎలా పట్టుకున్నావో నాకు చెప్పవే, అర్థమయ్యేలా చెప్పు" అంది ఓడిల్‌తో. ఓడిల్ మ్యాపు తెచ్చి ఆవిడ ఒళ్లో పరిచి మొదలుపెట్టింది. రసం తాగినవాళ్లు ఇటు, తాగనివాళ్లు అటు. అత్త శ్రద్ధగా తలూపింది. తిన్నవాళ్లు, తిననివాళ్లు అనేచోట తలూపడం నెమ్మదించింది. ఇరవై నలుగురి దగ్గరికి వచ్చేసరికి గడ్డం గుండెల మీదికి వాలిపోయింది.

"అత్తా?" అంది ఓడిల్.

గురక. చిన్నది, సన్నగా.

ఓడిల్ మ్యాపు మెల్లగా తీసి ఆవిడ మీద దుప్పటి కప్పింది. నేను కెటిల్ కూత పెట్టకముందే పొయ్యి ఆపేశాను. ఇద్దరం బూట్లు చేత్తో పట్టుకుని వెనక తలుపు నుంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆవిడ చీకటి పడేదాకా లేవలేదు.